గురుముఖము – యంత్రముఖము

“పాఠము ఎవరు చెప్పిననేమి, పిల్లవానికి వచ్చినచో చాలును గదా” అను మాట నేడు గృహస్థుల ఇండ్లలో తరచుగా వినబడుచున్నది. ఒకనాడు ఈ మాట పుట్టుటకే అవకాశము లేదు. పాఠము చెప్పువాడు ఒక్కడే, అతడు గురువు. నేడట్లు కాదు. తరగతి గోడపై నల్లబల్ల యుండిన చోట పెద్ద తెర నిలిచినది. పిల్లవాని సంచిలో పలక యుండిన చోట టాబ్ చేరినది. ఇంటికి వచ్చిన పిదప తండ్రి సెల్‌ఫోనులో అదే పాఠము మరల వినబడును. సందేహము కలిగినచో యంత్రమే సమాధానమిచ్చును. కావున పై మాటను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. విద్య యనగా పిల్లవానికి వచ్చుట మాత్రమేనా, అది వచ్చిన త్రోవకు కూడ విద్యలో భాగమున్నదా అని విచారింపవలసి యున్నది.

సంప్రదాయము క్రొత్త పనిముట్టును చూచినప్పుడెల్ల బెదరినదని కొందరందురు. అది సగమే నిజము. పాణినీయ శిక్షలో అధమ పాఠకులు ఆరుగురు చెప్పబడిరి. పాటవలె సాగదీయువాడు, తొందరపడువాడు, తలయూపువాడు, అర్థమెరుగనివాడు, గొంతు పెగలనివాడు – వీరి పంక్తిలోనే వ్రాసినదానిని చూచి చదువువాడు కూడ కూర్చుండబెట్టబడెను. ఆ కాలమునకు వ్రాతయే యంత్రము, తాటాకే తెర. అయినను ఆ తాటాకు లేకున్నచో వ్యాకరణ, మీమాంసా, వేదాంత గ్రంథములలో నేటికి మిగిలినవెన్ని? వేదమును ముఖమునందు నిలిపి, తక్కిన శాస్త్రములను తాటాకునకు కూడ అప్పగించిరి. పెద్దలు పనిముట్టును నిషేధింపలేదు. దేనిని దానికి అప్పగింపవచ్చునో, దేనిని అప్పగింపరాదో విడదీసిరి. పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మంత్రమును ముందునకు వెనుకకు త్రిప్పి చెప్పించు పద్ధతిని ఏర్పరచిరి. ఒక్క అక్షరము జారినను పట్టుబడును. ఇదియు ఒక యంత్రమే. అయితే దాని చక్రములు బాలుని నాలుకపైననే తిరుగును. 2003లో యునెస్కో ఈ వేదపఠన సంప్రదాయమును మానవజాతి మౌఖిక వారసత్వపు ఉత్తమ నిదర్శనములలో ఒకటిగా ప్రకటించెను.

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనల చరిత్ర ఈ విషయమున శ్రీవారి భక్తులకు సన్నిహితమైన నిదర్శనము. ఆయన సంకీర్తనలు ముప్పది రెండు వేలని ప్రసిద్ధి. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలమున అవి రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపరచబడెను. ఆ కాలమునకు అంతకు మించిన సాధనము లేదు. తాటాకును చెదలు తినును, రాగిని తినదు. అయినను గానపరంపర క్షీణించిన పిదప ఆ రేకులు తరతరములు చీకటిలో మౌనముగా నుండెను. 20వ శతాబ్దపు తొలి దశకములలో అవి వెలుగు చూచినప్పుడు పండితులకు సాహిత్యము దొరకెను, రాగము పేరు దొరకెను; ఆ రాగమున ఆ పల్లవిని అన్నమయ్య ఎట్లు ఎత్తుకొనెనో చెప్పు స్వరము మాత్రము దొరకలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు క్రొత్తగా స్వరములు కూర్చవలసి వచ్చెను. రేకు తన పనిని లోపము లేకుండ చేసినది. నోటినుండి నోటికి పోవలసినది దానిపై ఎక్కలేదు. నేటి ధ్వనిముద్రణ యంత్రమే అప్పుడున్నచో స్వరమును కూడ దాచియుండెడిదని ఎవరైన అనవచ్చును. నిజమే, అది మేలే అయి యుండెడిది. అయితే దాచబడిన పాటకును, దానిని పాడవలసిన పిల్లవానికిని నడుమ అప్పుడు కూడ ఒక మనిషి కావలసియే వచ్చును.

తరగతిలోనికి తెర వచ్చుట నిన్న మొన్నటి సంగతి యని తలచుట పొరపాటు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశమున ఉపగ్రహ బోధనా దూరదర్శన ప్రయోగము జరిగెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలోని 2,400 పల్లెలలో సామూహిక దూరదర్శన పెట్టెలు నిలుపబడెను. ఉదయమున బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలము పెద్దలకు రెండున్నర గంటలు ప్రసారము. నాలుగు భాషలలో తెలుగు ఒకటి. విద్యుద్దీపము కూడ అరుదైన ఆ పల్లెలలో పిల్లలు నేలపై బారులు తీర్చి కూర్చుండి, సముద్రమును, ఓడను, దూరదేశపు జంతువును తొలిసారి చూచిరి. దానిని నిందించుటకు ఎవరికి నోరాడును? అయితే ఆ ఉపగ్రహము అమెరికా దేశము ఏడాది కాలమునకు ఎరువిచ్చినది. గడువు తీరగానే అది వెనుకకు మరలింపబడెను.

ఎరువు సొమ్మును గురించి గురుపరంపరా గ్రంథములు చెప్పు ఒక కథ శ్రీవైష్ణవ గృహములలో ప్రసిద్ధమే. భగవద్రామానుజులు బ్రహ్మసూత్రములకు భాష్యము రచింప సంకల్పించి, బోధాయన వృత్తిని చూచుటకై శిష్యుడగు కూరేశునితో కూడ కాశ్మీరమునకు ఏగిరి. ఎంతో ప్రయాసపై ఆ గ్రంథము చేతికి వచ్చెను. అసూయాపరులు త్రోవలో వెంబడించి దానిని మరల గైకొనిరి. రామానుజులు ఖిన్నులు కాగా, కూరేశుడు వినయముతో తాను రాత్రులందు ఆచార్యులు నిద్రించిన పిదప ఆ గ్రంథమును చదివి ధారణ చేసితినని విన్నవించెను. శ్రీభాష్యము ఆ ధారణ ఆధారముగా వెలసినదని పెద్దల మాట. గ్రంథము పోయినది, విద్య పోలేదు.

ఈ కథను నేటి తల్లిదండ్రులు మరియొకసారి మననము చేయుట అవసరము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులలోని 8వ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును ఐదు లక్షలకు పైగా టాబ్‌ల పంపిణీ ఆరంభమయ్యెను. పేదవాని బిడ్డకు, సంపన్నుని బిడ్డకు ఒకే పాఠము అందవలెనను తలంపు మంచిదే. అయితే అందలి పాఠములను సమకూర్చిన ప్రైవేటు సంస్థ 2024 జూలైలో దివాలా విచారణకు లోనయ్యెను. ఇందు ఎవరినో ఆక్షేపింపవలెనని లేదు. వ్యాపారము పెరుగును, తరుగును. అది దాని ధర్మము. బాలుని విద్యకు అట్టి ధర్మము ఉండరాదు. యంత్రములోని పాఠము యంత్రముతో పోవును, లేదా పాతబడును, లేదా క్రొత్త యంత్రమున తెరువబడదు. దానినుండి బాలుడు తన లోనికి తెచ్చుకొన్న భాగమొక్కటే అతనిది.

ఇక యంత్రముచే చదువు పెరుగునా, తరుగునా అని అడుగువారికి ఒక్క మాటలో సమాధానము లేదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము ఎనిమిది లక్షలకు పైగా చిన్న కంప్యూటర్లను బడిపిల్లలకు పంచెను. 2012లో వెలువడిన పరిశీలన ప్రకారము లెక్కలలో గాని, భాషలో గాని దానివలన అభివృద్ధి కానరాలేదు. ఢిల్లీలో 2015లో 6 నుండి 9వ తరగతి వరకు గల 619 మంది పిల్లలపై జరిగిన పరిశీలన మరియొక రీతిగా తేల్చినది. బడి విడిచిన పిదప నాలుగున్నర నెలలు కంప్యూటరు సాయముతో చదివిన ఆ పిల్లలు గణితమునను, హిందీలోను స్పష్టమైన అభివృద్ధి చూపిరి. రెంటికి భేదమెక్కడ? పెరూలో వస్తువును ఇచ్చిరి, పాఠము మారలేదు. ఢిల్లీలో యంత్రము ఒక్కొక్క పిల్లవాని స్థాయి నెరిగి, అతడు నిలిచిన మెట్టునుండియే పాఠము మొదలిడెను. పైగా కూర్చుండిన గంటన్నరలో సగము కాలము మాత్రమే యంత్రము, తక్కిన సగము చిన్న జట్టుతో ఒక మనిషి.

అధికారి భేదమని శాస్త్రము చెప్పునది ఇదియే. శిష్యుని యోగ్యత ఎంతవరకు వచ్చినదో ఎరుగుట గురువు చేయవలసిన మొదటి పని. అరువది మంది పిల్లలున్న గదిలో, ఎవరు ఏ మెట్టుపై నున్నారో చూడకుండ, పుస్తకమును పైకి చదివి గంట కొట్టగానే వెడలు ఉపాధ్యాయుడు ఆ పని చేయుట లేదు. యంత్రము చేసినది. ఇది యంత్రమునకు కీర్తి కాదు. మనిషి విడిచిన పీఠమును ఎవరో ఒకరు తుడిచి కూర్చుండుటయే. చండామార్కులు కూడ ప్రహ్లాదునికి ఎదురుగా కూర్చుండి పాఠము చెప్పినవారే. ఎదుట మనిషి యుండినంత మాత్రమున గురుత్వము సిద్ధింపదు. యంత్రమును తిట్టువారు ఈ సంగతిని మరవరాదు.

విద్యలో ఒక పాదము ఆచార్యునివలన, ఒక పాదము స్వబుద్ధివలన, ఒక పాదము తోడి విద్యార్థులవలన, చివరి పాదము కాలక్రమమున లభించునని పెద్దలు లెక్క కట్టిరి. ఈ లెక్కను యంత్రమునకు అన్వయించి చూచుట ఉచితము. ఆచార్యుని పాదములో కొంత భాగమును యంత్రము మోయగలదని పైన చూపబడినది. స్వబుద్ధికి అది సాయమో, అడ్డమో వాడుకనుబట్టి యుండును. ప్రక్కవాని లెక్కను చూచి వ్రాయుటను దొంగతనమని పూర్వము అనెడివారు. నేడు బాలుడు వ్యాసము వ్రాయుమని యంత్రమును అడుగును. అది నిమిషములో వ్రాసి ఇచ్చును. బాలుడు క్రింద తన పేరు వ్రాసికొని బడిలో ఇచ్చును. ఉపాధ్యాయుడు మెచ్చుకొనును. ఆ మెప్పును బాలుడు స్వీకరించు క్షణమున జరుగునది చదువునకు సంబంధించిన నష్టము మాత్రమే కాదు. తనది కానిదానిని తనదని నిలబెట్టుకొనుట అతనికి అలవడినది. అస్తేయమును యమములలో ఎందుకు చేర్చిరో అతనికి ఎవరు చెప్పుదురు? ఉత్తరము తప్పైనను తనదైనవానికి మార్కులు తగ్గినను ఈ లోటు రాదు.

తోడి విద్యార్థుల పాదము విషయమున యంత్రము మిక్కిలి బలహీనము. సాందీపని గురుకులమున శ్రీకృష్ణుడు అరువది నాలుగు దినములలో అరువది నాలుగు కళలు నేర్చెనందురు. (భగవానునికి చెల్లినది తక్కిన పిల్లలకు చెల్లదు; శీఘ్రవిద్యా ప్రకటనలు వ్రాయువారు ఈ కథను ఎరుగకుండుట మేలు.) అయితే కుచేలుడు ద్వారకకు వచ్చినప్పుడు స్వామి గురుతు చేసినది ఆ కళలను కాదు. గురుపత్ని కట్టెలు తెమ్మని పంపగా అడవిలో గాలివాన ముంచుకొని రాగా, దారి తెలియని ఆ చీకటిలో ఒకరి చేయి ఒకరు పట్టుకొని తిరుగాడిన రాత్రిని గురుతు చేసెను. తెల్లవారుసరికి గురువే వెదకుచు వచ్చిన సంగతిని చెప్పెను. ప్రహ్లాదుడు సైతము గురువులు ఇంటి పనులపై వెడలిన వేళనే, ఆటకు పిలిచిన దైత్యబాలురను చుట్టును కూర్చుండబెట్టుకొని నారాయణ భక్తిని బోధించెను. చెవులకు గొట్టములు తగిలించుకొని ఎవరి తెరను వారు చూచుకొను గదిలో అట్టి వేళ రాదు.

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఈ లోటును దేశమంతయు కండ్లార చూచినది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. వేరొక త్రోవ లేని వేళ అది ఆపద్ధర్మము; ఆపదలో చేసినదానిని మెచ్చుకొనవలసినదే. ఆపద గడచిన పిదప కూడ దానినే ధర్మమనుకొనుట వేరు సంగతి. యునెస్కో 2023లో వెలువరించిన నివేదిక సాంకేతిక విద్యను ఉపాధ్యాయునికి తోడుగా నిలుపవలెనే గాని అతని స్థానమున నిలుపరాదని తేల్చెను. ఎన్నో ఏండ్లుగా తరగతులలో తెరలకు పీట వేసిన స్వీడన్ దేశము అదే సంవత్సరమున అచ్చుపుస్తకములను, చేతివ్రాతను మరల పిల్లల ముందు ఉంచుటకు పూనుకొన్నది.

కాలమను నాలుగవ పాదమునకు, యంత్రమునకు పొత్తు కుదరదు. యంత్రము పొగడుకొనునది వేగమునే. వేదాధ్యయనమున సంథ చెప్పునప్పుడు గురువు ఒకమారు చెప్పును, శిష్యుడు రెండుమారులు పలుకును. పిదప వల్లె వేయుట. పనస నిలుచునంతవరకు గురువు వేచి యుండును. ఆ వేచి యుండుటలో శిష్యుని లజ్జ, పట్టుదల, ఓర్పు అన్నియు పాకమునకు వచ్చును. స్వరము తప్పినచో ఏమగునో త్వష్ట కథ చెప్పుచున్నది. ఇంద్రుని చంపువాడు పుట్టవలెనని హోమము చేసి, స్వరము మార్చి పలికినందున ఇంద్రునిచే చచ్చువాడు పుట్టెను. ధ్వనిముద్రణము ఎంత శుద్ధముగా నున్నను అది వినిపించును, వినదు. నేటి క్రొత్త యంత్రములు వినును, తప్పును దిద్దును కూడ. కాని మూడుమారులు తప్పిన పిల్లవానికి రాత్రి జ్వరము వచ్చినదా, ఇంట అన్నము తిని వచ్చినాడా అని తలయెత్తి చూచునది ఏది?

పసిపిల్లల విషయమున మాత్రము సందేహము పనికిరాదు. ఏడాది నిండని శిశువునకు తెర అసలే కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంట మించరాదనియు, అంతకు తగ్గినచో ఇంకను మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించెను. అక్షరాభ్యాసమున పళ్లెములోని బియ్యముపై శిశువు వ్రేలిని తండ్రి పట్టి దిద్దించును. గింజల గరుకు వ్రేలికి తగులును, తండ్రి ఊపిరి చెవికి తగులును. నున్నని గాజుపై గీసిన అక్షరమునకు ఆ రెండును లేవు. ముద్ద మ్రింగుటకు ఫోను చూపించుట నేడు ఇంటింట అలవాటైనది. ఆ తప్పు బడిది కాదు, యంత్రమును చేసినవానిదియు కాదు.

యంత్రము చేయు ఉపకారమును దాచుట కూడ ధర్మము కాదు. చూపు లేని బాలునికి పుస్తకమును చదివి వినిపించు పరికరము సాక్షాత్తు దయయే. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులను ఒక్క చేతితో నడుపువానికి అది రెండవ చేయి. అమెరికాలోను, ఇతర దేశములలోను పెరుగుచున్న తెలుగు పిల్లలు వారాంతములలో తెరపై ఇక్కడి పండితుని చూచుచు తిరుప్పావైని, విష్ణు సహస్రనామమును నేర్చుచున్నారు. అక్కడ తెర కిటికీవంటిది. దాని ఆవల ఒక మనిషి కూర్చుండి, పిల్లవాడు ‘శ’ను ‘స’గా పలికినచో ఆపి మరల చెప్పించుచున్నాడు. కిటికీని గోడగా కట్టుకొనుట, గోడను కిటికీగా తెరచుట – రెండును ఒకే గాజుతో సాధ్యమే.

విష్ణు సహస్రనామము పుట్టిన సన్నివేశమును తలంచినచో ఒక విచిత్రము తోచును. యుద్ధానంతరమున ధర్మరాజునకు సందేహములు కలిగెను. సర్వజ్ఞుడగు శ్రీకృష్ణుడు ప్రక్కనే యున్నాడు. అడిగినచో అన్నిటికి అప్పటికప్పుడే ఉత్తరము లభించును. అంతకు మించిన సర్వజ్ఞత ఏ యంత్రమున నుండును? అయినను స్వామి తాను చెప్పలేదు. భీష్ముడు అస్తమించినచో జ్ఞానములు అల్పమగునని చెప్పి, ధర్మజుని అంపశయ్య వద్దకు తోడుకొనిపోయెను. భీష్మునికి బాధ తొలగించి, బుద్ధికి తేజమిచ్చి, అతని నోటనే ధర్మములన్నియు పలికించెను. తానే ఏల చెప్పడని భీష్ముడు అడుగగా, నీ కీర్తి లోకమున నిలువవలెనని సమాధానమిచ్చెను. ధర్మరాజు తాతగారి పాదముల చెంత కూర్చుండి ప్రశ్నించెను. వేయి నామములను ఆ స్వామియు అక్కడనే యుండి వినెను.

ఏకాదశి నాడు సహస్రనామ పారాయణము జరుగు ఇండ్లలో నేటికిని మనుమరాలు ఒక నామమువద్ద ఆగి, “తాతగారూ, దీనికి అర్థమేమి?” అని అడుగుచుండును. తాతగారికి అది తెలియకపోవచ్చును. ఫోనును పిల్ల చేతికిచ్చి తాను పారాయణము సాగించుట సులభము. కొందరు తాతలు అట్లు చేయరు. కూరేశుని కుమారుడగు పరాశరభట్టరు సహస్రనామమునకు భగవద్గుణదర్పణమను భాష్యము రచించెను. అది అచ్చుపుస్తకముగా నున్నను, తెరపై నున్నను, తెరచి ఆ నామము దొరకువరకు ఇద్దరును కలిసి వెదకుదురు. కన్ను ఆనని తాతగారికి అక్షరమును పిల్ల చదివి వినిపించును. అక్షరము తెలిసినను అర్థము తెలియని పిల్లకు తాతగారు విప్పి చెప్పును. అంతవరకు తక్కిన నామములు వేచి యుండును.